గాలిలో బిగించిన బోల్టు

పదకొండు. పోయిన వారం మనం ఆ అంకె దగ్గర ఆగాం.

ముప్పై గుడ్ల ట్రేలో పదకొండు గుడ్లు చెడ్డాయి. పైకి ఒక్కటీ పగల్లేదు. గుడ్డు లావు కొసలో చిన్న గాలి బుడగ ఉంటుంది. అది ఉన్నచోటే ఉండాలి. కుదుపుకు పొర తెగితే బుడగ గుడ్డంతా తిరుగుతుంది. అలాంటి గుడ్డులోంచి పిల్ల రావడం కష్టం. హేచరీలో గుడ్లను దీపం మీద పెట్టి చూసే ఆవిడను అందరూ దీపాలమ్మ అంటారు. ఆవిడ ట్రేను వెనక్కి నెట్టింది. ఇంకొక్క లోడు చూస్తానని, ట్రేకు మూడు మించి గుడ్లలో బుడగ కదిలితే ఆ ఫారం గుడ్లు ఇక తమకు వద్దని చెప్పింది. వాళ్ళు వద్దంటే కొనే హేచరీ ఇంకొకటి లేదు. ఫారం నడిపే మేస్త్రి కూతురూ అల్లుడూ దాన్ని మూసుకోవడమే.

ఆ లోడు ఈ సాయంత్రం నాలుగింటికి బయల్దేరాలి.

తప్పు బండిది. పెద్ద రోడ్డు మీద వంతెన మూసేశాక ఏరు దాటి పోవడమొక్కటే దారి అయింది. కింది ట్రేలకు నీళ్ళు తగులుతున్నాయని అల్లుడు పికప్‌ను నాలుగంగుళాలు ఎత్తు చేశాడు. ఎవరినీ అడక్కుండా తన చేత్తో తనే చేశాడు. నీళ్ళు తగలడం మానేశాయి, గుడ్లు చెడడం మొదలైంది. గుంట వస్తే బండి దిగదు, దూకుతుంది. అందులో కూర్చున్నవాళ్ళు ఎముకలు లెక్కపెట్టుకోవాలి. చివరికి కూతురు ఆ బండిని తండ్రి షెడ్డుకు తెచ్చింది. తండ్రి కమాన్ల మేస్త్రి. బండ్లకు కమాను పట్టీలు వేయడంలో ఆయన్ను మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు.

పక్క సీట్లో అల్లుడు ఉన్నాడు. మామా అల్లుళ్ళకు మాటలు లేక రెండేళ్ళు. మేస్త్రి భార్యకు గుండెలో నొప్పి వచ్చినప్పుడు ఆసుపత్రికి తీసుకువెళ్ళింది ఆ అల్లుడే, ఆ బండిలోనే. బండి ఏటి దగ్గర దిగబడింది. ఆమె ఆసుపత్రి గుమ్మం చూడలేదు.

బండి వదిలి వెళ్ళు, మనిషిని తీసుకుపో అన్నాడు మేస్త్రి కూతురితో.

మనిషి వెళ్ళలేదు.

మేస్త్రి వెళ్ళమని రెండోసారి చెప్పలేదు. చెప్పాలంటే అతనితో మాట్లాడాలి. ముందు టైరును సుత్తితో కొట్టి చూశాడు. ఖంగుమంది. టైర్లలో గాలి ఎంత పెట్టాడో మీ ఆయన్ని అడుగు అన్నాడు కూతురితో. అతను రెండు బారల దూరంలోనే నిలబడి ఉన్నాడు. కూతురు అటు తిరిగి అడిగింది. అల్లుడు చెప్పాడు. కూతురు ఇటు తిరిగి అదే అంకె చెప్పింది.

"చక్రాలనుకున్నాడా, బండరాళ్ళనుకున్నాడా?"

ఈ మాటను ఆమె అటు చేర్చలేదు. చేర్చాల్సిన పని లేకుండానే అది చేరింది. అల్లుడు వంగి నాలుగు టైర్లలోంచీ కొంత గాలి తీశాడు. కూతురు బండిని షెడ్డు ముందు గుంటల మీద ఒకసారి నడిపి వచ్చింది. కాస్త నయమంది. కాస్త నయానికి దీపాలమ్మ ఒప్పుకోదు.

మేస్త్రి గోనెపట్టా పరుచుకుని బండి కిందికి దూరాడు. షాకప్‌లు పాతవే. బండి లేచింది గానీ అవి పొడుగు కాలేదు. అటక మీది డబ్బా అందని పిల్లాడి చెయ్యిలా చివరంటా సాగి ఉన్నాయి. చక్రం గుంటలోకి దిగబోతే అవి దిగనివ్వవు. ఠక్కున పట్టి ఆపుతాయి. గుడ్లలో పొరల్ని తెంపుతున్నవాటిలో ఆ ఠక్కు ఒకటి. పెద్ద బండి కోసం తెచ్చిన పొడుగు జత షెల్ఫులో ఉంది. కూతురు దించింది.

తర్వాత ఆయన కమాను చివర బోల్టు చుట్టూ ఉండే రబ్బరు బుష్ మీద బొటనవేలు పెట్టాడు. చాలాసేపు తియ్యలేదు. బండి ఎక్కడ ఉండగా బోల్టులు బిగించాడో అడగమన్నాడు.

జాకీ మీద ఉండగానే. చక్రాలు వేలాడుతున్నప్పుడైతే చెయ్యి బాగా దూరుతుందని. అల్లుడి జవాబు భార్య నోటి మీదుగా బండి కిందికి వచ్చింది.

మేస్త్రి పాకుతూ బయటికి వచ్చి కూర్చున్నాడు. చెప్పింది కూతురికి. వినాల్సినవాడు వింటున్నాడని ఆయనకు తెలుసు. చక్రం గాలిలో వేలాడుతున్నప్పుడు కమాను ఒక కోణంలో ఉంటుంది, నేల మీద నిలబడ్డాక ఇంకో కోణంలో. గాలిలో ఉండగా బోల్టు బిగిస్తే రబ్బరు ఆ వేలాడే కోణాన్నే పట్టుకుంటుంది. బండి దిగాక పిండిన తడిగుడ్డలా మెలితిరుగుతుంది. ఇక ఏ కుదుపునూ మింగదు, అంతా పైకి పంపిస్తుంది.

"దాని బరువు దాని మీద పడ్డాకే బిగించాలి. గాలిలో బిగిస్తే ఇక ఎప్పటికీ బిగదీసుకునే ఉంటుంది."

కూతురు తండ్రిని చూడాల్సిన దానికంటే కాస్త ఎక్కువసేపు చూసింది. ఆయన పానా వెతుక్కుంటున్నాడు.

బోల్టులు వదులు చేశాడు. మొదటిదానికి ఏమీ కాలేదు. మూడోదానికి కింద ఏదో మూలిగింది. నాలుగోది వదలగానే బండి వెనక భాగం దానంతట అదే రెండు వేళ్ళు దిగింది. చాలాకాలంగా ఊపిరి బిగబట్టిన మనిషి వదిలినట్టు దిగింది. అల్లుడు ఒక్క అడుగు ముందుకు వేశాడు. ఎత్తు తగ్గితే నీళ్ళు ట్రేలకు అందుతాయని భార్యతో అన్నాడు. ఆమె ఆ మాటను తండ్రికి చేర్చింది. మేస్త్రి వినిపించుకోనట్టు కమాన్ల వైపే చూస్తున్నాడు.

కమాను అంటే ఒకదాని కింద ఒకటి పేర్చిన వంపు పట్టీలు. బండితో వచ్చిన నాలుగూ సన్నవి. మధ్యలో దూర్చిన ఐదోది మందంగా ఉంది. ఎత్తు కోసం అల్లుడు వేసింది అదే. మేస్త్రి గుడ్డ తీసుకుని దాని మీది బురద తుడిచాడు. చివరన మూడు చుక్కలు, వాటి కింద ఒక గీత. ఉలితో కొట్టిన గుర్తు.

అది ఆయన గుర్తే.

తన చేత్తో చేసిన ప్రతి పట్టీకీ మూడు చుక్కలు పెడతాడు. గీత మాత్రం ఒకే బండికి పెట్టాడు. తన సొంత లారీకి. భార్య పోయిన నెలకు ఆ లారీని పాత ఇనుము కొట్టుకు తోలించేశాడు. తాళం కూడా తను ఇవ్వలేదు, మనిషితో పంపించాడు. రెండోవైపు కమాను కూడా చూశాడు. అక్కడా మూడు చుక్కలు, గీత.

ఇవి ఎక్కడివని కూతుర్ని అడిగాడు. ఈసారి ఆమె భర్త వైపు తిరగలేదు. ఆమెకు తెలుసు. పాత ఇనుము కొట్లో రెండు రోజులు గుట్టలు తిరగేసి తెచ్చారని చెప్పింది. వేరే పట్టీలు దొరకలేదా అన్నాడు మేస్త్రి.

"దొరికాయి. మామయ్య చేతి పట్టీ విరగదని ఇవి తెచ్చాను." ఇది అల్లుడు గోడ వైపు చూస్తూ చెప్పాడు.

మెచ్చుకుంటే మేస్త్రి ఎలా అవుతాడు? విరగదు, వంగదు కూడా అన్నాడు కూతురితో. అది టన్నుల లెక్కన ఇనుము మోసే లారీకి కొట్టింది, గుడ్లు మోసే బండికి కాదు. ఆ మాట అంటూనే వాటిని ఊడదీశాడు. తుక్కుగుట్ట ఆరడుగుల దూరంలో ఉంది. పట్టీలను అటు విసరలేదు. రెండింటినీ గోడకు ఆనించి నిలబెట్టాడు.

బండి ఇంకో మూడు వేళ్ళు దిగింది. ఇప్పుడది మెత్తగా ఉంది, పొట్టిగా ఉంది. గుడ్లు కుదుపుకు బతుకుతాయి, నీళ్ళకు పోతాయి. టైము పదిన్నర.

ఎత్తూ మెత్తనా రెండూ కావాలంటే ఒకటే దారి. ఉన్న సన్న పట్టీలకే వంపు పెంచాలి. పట్టీని దాగలి దిమ్మ మీద వెల్లకిలా పెట్టి లోపలివైపు సమ్మెటతో కొట్టాలి. దెబ్బ దెబ్బకూ వేలెడు ముందుకు జరపాలి. కొట్టేది ఒకరు, జరిపేది ఒకరు. ముప్పై ఏళ్ళు ఆ పట్టీ కొస పట్టుకుంది మేస్త్రి భార్య. వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి పటకారు అందుకునేది. సమ్మెట ఎక్కడ పడబోతోందో ఆమెకు ముందే తెలిసేది. ఒక్కమాట అనుకునేవాళ్ళు కాదు. ఆమె పోయాక మేస్త్రి వంపు పని మానేశాడు. అడిగినవాళ్ళకు చేతకాదని చెప్పాడు. ఆయన చేతకాదని ఒప్పుకున్న పని జీవితంలో అదొక్కటే.

ఇప్పుడూ అదే అన్నాడు. ఎవరైనా పట్టుకుంటే అంది కూతురు. ఎవరు అన్నాడు. ఆమె తన చేతి వైపు చూసుకుంది. ఆమె మోచేతికి కట్టు ఉంది, నెల కిందట ట్రేల గూడు ఆ చేతి మీద పడింది. పటకారు మోయలేదు.

అల్లుడు వెళ్ళి పటకారు తీసుకున్నాడు.

మేస్త్రి చాలాసేపు సమ్మెట పిడి తుడుస్తూ నిలబడ్డాడు. తర్వాత మొదటి పట్టీని దాగలి మీద పెట్టాడు.

మొదటి దెబ్బకు అల్లుడు పట్టీని జానెడు జరిపాడు. మేస్త్రి కూతురి వైపు తిరిగి, వేలెడు చాలని చెప్పమన్నాడు. ఆమె చెప్పేలోపే రెండో దెబ్బ పడాలి, లేకపోతే లయ పోతుంది. లయ పోయింది. మూడో దెబ్బకు అల్లుడు భయపడి అసలు జరపలేదు, పడిన చోటే మళ్ళీ పడింది. సమ్మెటకూ దాగలికీ మధ్య మూడో మనిషికి చోటు లేదు. మేస్త్రి పళ్ళు కొరికాడు.

"వేలెడన్నాను. నీ వేలు, నా వేలు కాదు. నాది లావు."

అది రెండేళ్ళలో ఆయన అల్లుడితో అన్న మొదటి మాట. అన్నాక ఆయనకు తెలిసింది. అయినా సమ్మెట అప్పటికే పైకి లేచి ఉంది.

అల్లుడు వేలెడు జరిపాడు.

తర్వాత మాటలు తెగిపోకుండా వచ్చాయి. అన్నీ తిట్లే. కొస కిందికి. ఇంకా. అన్నం తినలేదా, అలా వణుకుతావేం? అది పటకారు, పూలదండ కాదు. అల్లుడు తిట్టు తిట్టుకూ వేలెడు జరిపాడు. నాలుగో పట్టీకి తిట్లు తగ్గాయి. ఆరో పట్టీకి దెబ్బల చప్పుడు మాత్రమే మిగిలింది. కూతురు గడపలో కూర్చుని, ఏడుస్తున్నట్టు ఎవరికీ తెలియకుండా ఉల్లిపాయలు తరిగింది. ఎనిమిదో పట్టీ అయ్యేసరికి ఒంటిగంట. అల్లుడి అరచేతుల్లో బొబ్బలు చిట్లాయి. మేస్త్రి చూసి, గ్రీజు రాసుకోకు, మంట పుడుతుంది అన్నాడు. పొద్దుటినుంచీ ఆయన అతనితో అన్న మాటల్లో తిట్టు కానిది అదొక్కటే.

కమాన్లు బండికి ఎక్కించారు. పొడుగు షాకప్‌లు వేశారు. బోల్టులు చేతి బిగువు వరకే తిప్పి, జాకీ దించి, బండిని నేల మీద నిలబెట్టారు. ట్రేల బరువుకు సరిపడా ఇసుక బస్తాలు వెనక వేశారు. బండి తన కాళ్ళ మీద తను నిలబడింది. మేస్త్రి నేల నుంచి ఎత్తు కొలిచాడు. అల్లుడు చేసిన ఎత్తుకు ఒక్క వేలు తక్కువ. అంతే.

ఇప్పుడు బిగించు అన్నాడు. అల్లుడు కిందికి దూరాడు.

రెండు బోల్టులు మిగిలాయి. టైము రెండు దాటింది, ఏటి దాకా నడిపి చూసి వచ్చి లోడు ఎక్కించాలి, ఇక చాలు బయల్దేరదాం అంది కూతురు. రెండు బోల్టులేగా, అయ్యాకే పోదాం అనబోయాడు మేస్త్రి. రెండు బోల్టులే అన్నంతవరకు వచ్చి ఆగిపోయాడు.

ఈ మాట ఆయన ఇంతకుముందు ఒకసారి అన్నాడు. ఆ రోజు కబురు వచ్చినప్పుడు ఒక లారీ కింద ఉన్నాడు. ఫారంలో అమ్మకు బాగాలేదు, బండిలో బయల్దేరుతున్నారు, నేరుగా ఏటి దగ్గరికి రమ్మన్నారు అని కబురు తెచ్చినవాడు చెప్పాడు. రెండు బోల్టులే, బిగించి వస్తానన్నాడు. బిగించాకే వెళ్ళాడు. వెళ్ళేసరికి బండి ముందు చక్రాలు నీళ్ళలో ఉన్నాయి, ఇంజను ఆగి ఉంది. దిగబడిందా అని అరిచాడు. అల్లుడు తల ఊపాడు. ఆ తల ఊపును ఆయన రెండేళ్ళుగా పట్టుకుని ఉన్నాడు. ఆ రెండు బోల్టుల సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

బండి కింద పానా రెండుసార్లు కిర్రుమంది. అయిపోయిందని అల్లుడి గొంతు వచ్చింది.

ఇసుక బస్తాలు అలాగే ఉంచి, ముప్పై గుడ్ల ట్రే ఒకటి వెనక పెట్టుకుని ముగ్గురూ బయల్దేరారు. కూతురు నడిపింది. మధ్యలో మేస్త్రి, చివర అల్లుడు. రోడ్డు దిగగానే మొదటి గుంట వచ్చింది. ముగ్గురూ దెబ్బ కోసం ఒళ్ళు బిగించారు. దెబ్బ రాలేదు. బండి దిగింది, లేచింది, మర్చిపోయింది. రెండో గుంటకు కూతురు వేగం తగ్గించలేదు. తండ్రి ముందున్న కడ్డీ పట్టుకున్నాడు గానీ దాని అవసరం పడలేదు. తన పనిని తనే మెచ్చుకోవడం ఆయనకు అలవాటు లేదు. కిటికీలోంచి బయటికి చూశాడు. బయట చూడ్డానికేమీ లేదు.

ఏరు దాటారు. నీళ్ళు వెనక పలకకు ఒక్క వేలు కిందుగా ఆగాయి. అవతలి గట్టు ఎక్కి బండి ఆపింది కూతురు. సంచిలోంచి దీపం తీసి, వెనక ఎక్కి, ట్రేను ఒళ్ళో పెట్టుకుని నెత్తి మీద దుప్పటి కప్పుకుంది. పగటి వెలుతురులో బుడగ కనిపించదు. ఒకటి అని లెక్క మొదలుపెట్టింది.

మగవాళ్ళిద్దరూ కింద నిలబడ్డారు. అల్లుడు నీళ్ళ దగ్గర వంగి అరచేతులు ముంచాడు. మేస్త్రి వెనక్కి తిరిగి ఏటిని చూశాడు. ఆ రోజు బండి ఆగింది, తాము ఇప్పుడు దిగి వచ్చిన ఆ గట్టు దగ్గరే, ఆ చోటే. గుడ్లు బతుకుతాయని ఆయనకు తెలిసిపోయింది, చేతికి తెలుస్తుంది. తెలిశాక కోపం తగ్గాలి. ఆయనకు పెరిగింది.

"ఈ ఎత్తు ఆ రోజు ఉంటే మీ అత్త బతికేది."

ఈ మాట రెండేళ్ళుగా చాలామంది నోటి మీదుగా అల్లుడికి చేరింది. నేరుగా రావడం ఇదే మొదలు. అతను చేతులు విదిలించుకుని లేచాడు. తొమ్మిది అంది దుప్పటి కింద గొంతు.

"ఆ రోజు బండి దిగబడలేదు మామయ్యా."

మేస్త్రి ఏటి మీంచి చూపు అతని వైపు తిప్పాడు.

"నీళ్ళు మోకాలి కిందే. దాటేసేవాణ్ణి. అత్తయ్యే ఆపమంది."

"తల ఊపావు."

"ఊపాను. మీకు అది చాలనిపించింది."

పదిహేను అంది కూతురు. పదహారు.

మేస్త్రి మళ్ళీ ఆ గట్టు వైపు చూశాడు. షెడ్డు వైపునుంచి వచ్చే దారి అక్కడి దాకా తిన్నగా కనిపిస్తుంది. ఎవరైనా వస్తుంటే దూరం నుంచే కనిపిస్తారు. ఆ సంగతి ఆయన ఎప్పుడూ గమనించలేదు. ఇప్పుడు గమనించాడు.  వెనక పలక దించి దాని మీద కూర్చున్నాడు. పక్కన అరచేత్తో ఒకసారి తట్టాడు.

"కూర్చుని చెప్పు."

అల్లుడు వచ్చి కూర్చున్నాడు. ఇద్దరి బరువుకూ బండి మెత్తగా రెండు వేళ్ళు దిగి నిలిచింది. ఎక్కడా చప్పుడు లేదు.

"ఇరవై ఆరయ్యాయి నాన్నా, ఒక్కటే కదిలింది," అంది దుప్పటి కిందినుంచి కూతురు. "ఇంకో నాలుగున్నాయి. మీరిద్దరూ కాసేపు కదలకండి."

ఇద్దరూ కదల్లేదు. అల్లుడు గొంతు తగ్గించాడు.

"మీకోసం ఆపమంది," అన్నాడు. "మీతో చెప్పమని ఒక మాట చెప్పింది."

ఈ వారం ఈ మాట దగ్గర ఆగుదాం.